నాలుగు ఊళ్ళ నూనెలు
(సంఘ వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు కబురు చేస్తూ, "విద్య గురించి ఏదైనా మాట్లాడండి, అరగంట మించవద్దు" అన్నారు. విద్య ఆవశ్యకత గురించి ప్రతి ఏడూ ఈ వేదికమీద ఎవరో ఒకరు మాట్లాడుతూనే వున్నారు, మీరూ ఓపికగా వింటూనే వున్నారు. అంచేత నేను ఆవశ్యకత జోలికి పోను. నూనె గురించి మాట్లాడతాను. మా బడిపిల్లలు ఒక ఏడాదిపాటు వంటనూనెల మీద ఒక పని చేశారు, దాన్ని మీ ముందు పెట్టాలని వుంది.

ఉర్దూ మాస్టరు తెలుగులో మాట్లాడటమేమిటని కొందరు అనుకోవచ్చు. మన సంఘంలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారూ వున్నారు, తరతరాలుగా తెలుగే మాట్లాడే దూదేకుల సోదరులూ వున్నారు. వంటిల్లు మాత్రం ఇద్దరికీ వుంది. పైగా సంచిక అచ్చయ్యేది తెలుగులో. మధ్యమధ్య నా నోట ఉర్దూ దొర్లితే పెద్దమనసుతో సర్దుకోవాలి.

మాది అనంతపురం జిల్లా బడి. శిక్షణ తరగతుల్లో పరిచయమైన మరి ముగ్గురు ఉపాధ్యాయులతో నాకు ఉత్తరాల స్నేహం వుంది. ఒకరిది కేరళలో మలప్పురం జిల్లా. అక్కడ చదువంతా మలయాళంలోనే అయినా, ఉర్దూను ఒక భాషగా బళ్ళలో నేర్పుతారు. ఇంకొకరిది బెంగాలులో అసన్‌సోల్, ఉర్దూ మాధ్యమం. మూడవవారిది మహారాష్ట్రలో షోలాపూర్, అదీ ఉర్దూ మాధ్యమమే. మా నలుగురి ఎనిమిదో తరగతి పిల్లలు ఒక విషయం తీసుకొని ఏడాదంతా ఒకరికొకరు ఉర్దూలో ఉత్తరాలు రాసుకోవాలని అనుకున్నాం. ఏ విషయమన్నది తేలడానికి కొంత కాలం పట్టింది. పండుగలన్నారు ఒకరు, చారిత్రక కట్టడాలన్నారు మరొకరు. నేనొద్దన్నాను. ఎందుకంటే వాటిమీద పుస్తకాల్లో వ్యాసాలున్నాయి, పిల్లలు చక్కగా ఎక్కించి పంపేస్తారు. తమ ఇంటి నూనె గురించి ఏ పుస్తకంలోనూ లేదు. ఇంటికిపోయి చూడాల్సిందే, అమ్మను అడగాల్సిందే. పైగా నాలుగు ఊళ్ళకూ నాలుగు నూనెలు పేరుపడ్డవి. మాకు వేరుశనగ, వాళ్ళకు కొబ్బరి, అసన్‌సోల్‌కు ఆవనూనె, షోలాపూరుకు కర్డీ, అంటే మన కుసుమ.

నూనె సీసాలు పోస్టులో పంపుదామని పిల్లల ఉబలాటం. కారిపోయే వస్తువు, పోస్టాఫీసులో ఒప్పుకోలేదు. సరే, గింజలు పంపుకున్నాం. దోసెడు చెనిక్కాయ పప్పు, చిటికెడు ఆవాలు, గుప్పెడు కుసుమలు, ఒక కొబ్బరి చిప్ప. వాటితోపాటు ఒక ప్రశ్నల కాగితం. ఈ నెల మీ ఇంట్లో వంటకు వాడిన నూనె ఏది? పాకెట్టా, విడిదా? నెలకెంత పడుతుంది? ఏది కొనాలో ఎవరు నిర్ణయిస్తారు? మీ నానీ, దాదీ వయసులో వుండగా ఏ నూనె వాడేవారు? కాగితం మీద పిల్లల పేరు వుండకూడదని ముందే నియమం పెట్టుకున్నాం. వంటింటి సంగతులు పరువుతో కూడినవి కదా.

మొదటి తమాషా పేర్లతోనే వచ్చింది. అసన్‌సోల్ పిల్లలు "మా ఇంట్లో కడ్వా తేల్" అని రాశారు. కడ్వా అంటే చేదు. చేదు నూనెతో కూర వండుకుంటారా అని మావాళ్ళు ఒకటే నవ్వు. చేదు కాదు, ఘాటు. పచ్చి ఆవనూనె బొరుగుల్లో కలుపుకొని తింటారు, ముక్కుకు ఎక్కుతుంది. కూరకైతే పొగ లేచేదాకా కాచి ఆ ఘాటు తగ్గించి అప్పుడు తిరగమోత వేస్తారు. మరి మన దక్కనులో మీఠా తేల్ అంటాం, అందులో తీపి ఏముంది? తెలుగులో మంచినూనె అంటారు, చాలాచోట్ల అది నువ్వులనూనె. మిగతావన్నీ చెడ్డనూనెలా? ఎవరి వంటిల్లు వాళ్ళకు మంచిది, ఎవరి నాలుక వాళ్ళకు తీపి. ఈ సంగతి నేను చెప్పలేదు, పిల్లలే అసన్‌సోల్‌కు జవాబు రాస్తూ తేల్చుకున్నారు.

గింజలు వచ్చాక ఒక్కొక్కదాన్నీ తెల్లకాగితం మధ్య పెట్టి నలగ్గొట్టి, జిడ్డుమచ్చ ఎంత పాకిందో గళ్ళు లెక్కపెట్టారు. ఎండుకొబ్బరి అన్నిటికన్నా పెద్ద మచ్చ చేసింది. అందులో వందకు అరవై పాళ్ళపైన నూనే. చెనిక్కాయ పప్పులో, నువ్వుల్లో సుమారు సగం. ఆవాలలో అంతకన్నా తక్కువ, కుసుమలో ముప్ఫైపాళ్ళకు అటూ ఇటూ. కుసుమగింజ పెంకు గట్టిది, మావాళ్ళు రాయితో కొడితేగాని నలగలేదు. షోలాపూరు పిల్లలు రాసిన సంగతి ఒకటి నాకు బాగా నచ్చింది. కుసుమ మొక్క ఆకులకు ముళ్ళుంటాయి గనుక జొన్నచేను చుట్టూ గట్టుమీద వేస్తే పశువులు లోపలికి రావు, కంచె ఖర్చు లేకుండా కంచె, పైపెచ్చు నూనె. మన తాండూరు వైపు నల్లరేగడి నేలల్లో కూడా ఈ పంట తెలుసు.

తరువాత పిల్లలను వెంటబెట్టుకొని ఊరి చివర గానుగ మరకు పోయాం. పది కిలోల పప్పు పోయించాం. నాలుగు కిలోల పైచిలుకు నూనె దిగింది, మిగిలింది చెక్క. ఇక లెక్క చూడండి. ఈ లెక్క ఇంటికి పనికొచ్చేది, అమ్మలు గుర్తుపెట్టుకోవాలి. కిలో నూనెకు దగ్గరదగ్గర రెండున్నర కిలోల పప్పు కావాలి. పప్పు కిలో వందరూపాయలనుకుందాం. అప్పుడు నూనెలో పప్పు ఖరీదే రెండువందల నలభై, యాభై. చెక్క అమ్మితే ఒక యాభై, అరవై తిరిగివస్తుంది. మరకూలి, కరెంటు, డబ్బా, షాపువాడి లాభం పైన పడతాయి. అలాంటప్పుడు "స్వచ్ఛమైన గానుగ వేరుశనగ నూనె కిలో నూటయాభై" అని ఎవరైనా అమ్మితే, అతడు మనకోసం నష్టపోతున్నాడా, లేక దానిలో వేరే ఏదైనా వుందా? పెద్ద మిల్లుల్లో చెక్కలో మిగిలినదాన్ని కూడా రసాయనంతో పిండి తీస్తారు, వాళ్ళకు కొంత తక్కువలో కిట్టవచ్చు. గానుగవాడికి ఆ వెసులుబాటు లేదు. మా ఎనిమిదో తరగతిలో లెక్కలంటే పారిపోయే పిల్లవాడొకడు ఇంటికిపోయి వాళ్ళ అబ్బాకు ఈ లెక్క వేసి చూపించాడట. మరునాడు ఆయన నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మావాడికి దుకాణం పెట్టించమంటారా?" అని అడిగాడు.

ఇక ప్రశ్నల కాగితాలు. మా ఊరు వేరుశనగకు పెట్టింది పేరు కదా, ప్రతి ఇంట్లో చెనిక్కాయ నూనే వుంటుందని పిల్లలు ముందే చార్టుమీద పెద్ద వేరుశనగ బొమ్మ వేసి పెట్టుకున్నారు. కాగితాలు విప్పి చూస్తే ఆ నూనె వున్న ఇళ్ళు నాలుగైదుకు మించలేదు. అవికూడా సొంత పొలం వున్నవి, లేదా గానుగనూనె కొనగలిగిన కలిగిన ఇళ్ళు. మిగతా అన్ని ఇళ్ళలోనూ పొద్దుతిరుగుడు పాకెట్టో, పామాయిలో. పేదవాడి నూనె అని ఒకప్పుడు పేరున్న గానుగనూనె ఇవాళ వున్నవాళ్ళ ఇంటికి చేరింది, చూడండి. అనంతపురం జిల్లాలో ఒక దశలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగే వేశారు. ఆ పంట ఇంటి గుమ్మం ముందునుంచే బండ్లలో, లారీలలో పోయింది, వంటింట్లోకి రాలేదు.

మలప్పురం నుంచి వచ్చినవీ అలాగే వున్నాయి. "తలకు కొబ్బరినూనె, వేపుడుకు పామాయిల్" అని ఒక పిల్ల సూటిగా రాసింది. 2025లో అక్కడ కొబ్బరినూనె కిలో నాలుగువందల రూపాయలు దాటినప్పుడు పండుగ అరటికాయ ఉప్పేరి కూడా ఇంట్లో వేరే నూనెలోనే వేయించారట. షోలాపూరులో కర్డీ నూనె దాదీల మాటల్లోనే మిగిలింది, ఇళ్ళలో సోయా, పొద్దుతిరుగుడు వచ్చాయి. నలుగురిలో తమ నూనెను గట్టిగా పట్టుకున్నవాళ్ళు బెంగాలువాళ్ళే. అక్కడ చేపకూర ఆవనూనెలో కాకపోతే ఇంట్లో తినరట.

ఎందుకిలా అయిందన్నది పిల్లలు అడిగిన ప్రశ్నే. నాకు తెలిసినంతలో చెప్పాను. 1986లో కేంద్రప్రభుత్వం నూనెగింజలకోసం ఒక ప్రత్యేక మిషన్ పెట్టింది. 1990ల తొలిరోజులనాటికి దేశం తన నూనె తాను పండించుకునే స్థితికి దాదాపుగా చేరింది. ఆ దశాబ్దం మధ్యనుంచి దిగుమతి తలుపులు తెరిచారు, చౌకగా పామాయిల్ వచ్చిపడింది. చౌకధరల దుకాణాల్లోనూ అదే ఇచ్చారు. 2013లో మన రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చినప్పుడు అందులో లీటరు పామాయిల్ వుండేది, చాలామంది తల్లులకు గుర్తుండే వుంటుంది. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైన బయటనుంచి రావలసిన స్థితి వచ్చింది. దాని ఫలితం 2022లో చూశాం. ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది, పొద్దుతిరుగుడు నూనె ధర మండిపోయింది. మనకు ఆ నూనె ఎక్కువభాగం అక్కడినుంచే వచ్చేది. ఏప్రిల్ 28న ఇండొనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మే 23 వరకు తిరిగి వదల్లేదు. వేరుశనగ చేల మధ్య కూర్చున్న మన ఇళ్ళలో ఆ వేసవిలో పూరీలు మానుకున్నది నల్లసముద్రం అవతల జరిగిన యుద్ధం వల్ల. మా పిల్లలు భూగోళపటంలో ఉక్రెయిన్‌ను అంత శ్రద్ధగా ఎన్నడూ వెతకలేదు.

పామాయిల్‌ను నేను తిట్టడం లేదు. దేశంలో ఆ తోటల్లో అత్యధిక భాగం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే వున్నాయి, దానిమీద పరిశోధన చేసే జాతీయ సంస్థ కూడా పెదవేగిలోనే వుంది. ఎకరానికి దానంత నూనె ఇచ్చే పంట వేరొకటి లేదు. మన ఇంట్లో ఏది వుందో మనకు తెలియకపోవడం వేరే సంగతి. ఒక ఇంట్లో తల్లి పొద్దుతిరుగుడు అనుకుంటూ ఏడాదిగా పామాయిల్ పాకెట్ తెస్తున్నది. బొమ్మ చూసి కొంటున్నది, చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? కూతురు చదివింది.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఏ ఊరు, ఎవరి బిడ్డ అని దయచేసి అడగవద్దు. ఆ అమ్మాయి మూడుసార్లు ప్రశ్నల కాగితం ఖాళీగా ఇచ్చింది. మందలించకుండా, పేరు ఎక్కడా వుండదమ్మా అని ఇంకొకసారి చెప్పాను. నాలుగోరోజు నింపి ఇచ్చింది. "మా ఇంట్లో ఖుల్లా తేల్. ఏ నూనెయో తెలియదు. ఆరుగురం. రోజుకు వంద గ్రాములు, సాయంకాలం నేనే తెస్తాను. శుక్రవారం నూటయాభై." అంతే రాసింది.

ఆ కాగితం పక్కన మిగతావి పెట్టి చూడండి. పాకెట్లు కొనే ఇళ్ళవాళ్ళు "నెలకు నాలుగో, ఐదో, సరిగ్గా తెలియదు" అని రాశారు. నెలంతా గ్రాములతోసహా లెక్క తెలిసిన ఇల్లు అదొక్కటే. ఆరుగురికి వంద గ్రాములంటే తలకు పదహారు, పదిహేడు గ్రాములు. భారత వైద్య పరిశోధనా మండలివారు 2010లో వేసిన లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు 25 గ్రాములు, ఆడవారికి 20 గ్రాములు చాలు. అంటే చిన్నచెంచాతో ఐదు, నాలుగు. వున్న ఇళ్ళలో కొలిపిస్తే తలకు దీనికి రెట్టింపు కూడా తేలింది. ఆ అమ్మాయి పట్టిక పద్ధతిలోనే, రోజువారీ కొలతతో రాయాలని మిగతా మూడు బళ్ళకూ రాశాం. వాళ్ళూ అలాగే మార్చుకున్నారు. అది ఎవరి కాగితమో తరగతిలో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయికి తెలుసు.

ఐతే అక్కడితో ఆగలేదు. కొన్ని వారాలకు అసన్‌సోల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, అందులో కల్తీ గురించి వుంది. 1988లో కలకత్తాలో బెహాలా పేటలో కల్తీ అయిన నూనె తిని వందలమందికి కాళ్ళు చచ్చుబడిపోయాయి. యంత్రాల పనుల్లో వాడే ఒక రసాయనం అందులో కలిసింది. పదేళ్ళకు, 1998లో, ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి కాళ్ళవాపు జబ్బు వచ్చింది. అరవైమందికి పైగా పోయారు, జబ్బుపడినవాళ్ళు వేలలో వున్నారు. బలురక్కసి మన బీళ్ళలో కూడా పెరిగే పసుపుపచ్చ పూల ముళ్ళమొక్కే, గింజ ఆవగింజలాగే నల్లగా వుంటుంది. ఈ ఉత్తరం తరగతిలో చదివాం. గంట కొట్టాక ఆ అమ్మాయి వచ్చి, "సార్, విడినూనె తింటే చచ్చిపోతారా?" అని అడిగింది.

ఏం చెబుతాం చెప్పండి? భయపడకమ్మా అని పంపేస్తే అబద్ధం. తినవద్దు అని చెబితే వాళ్ళమ్మ చేతిలో లీటరు పాకెట్టుకు ఒకేసారి డబ్బు వుండదు. 2011 నిబంధనల ప్రకారం వంటనూనె మూతపెట్టి ముద్రవేసిన పాకెట్లోనే అమ్మాలి. ఆ చట్టం మంచిదే. కాని రోజుకూలి ఇంటికి రోజుకు వంద గ్రాములు కావాలి, ఆ సంగతి చట్టంలో లేదు. నేనూ మా సైన్సు టీచరుగారూ కలిసి ఆ వీధి దుకాణదారుణ్ణి కలిశాం. విడి డబ్బా పక్కన చిన్న పాకెట్లు, వందవి, రెండువందలవి కూడా పెట్టమన్నాం. మొదట, "అవి ఎవరు కొంటారు మాస్టారూ, మార్జిన్ లేదు" అన్నాడు. పిల్లలు చేసిన లెక్క చూపించి, ఈ వీధిలో ఇన్ని ఇళ్ళు రోజువారీ కొంటున్నాయి అని చెప్పాక తెప్పించాడు. చిన్న పాకెట్ గ్రాముకు కాస్త ప్రియమే, అది నిజం. ఇప్పుడు ఆ దుకాణంలో అవి దొరుకుతున్నాయి, కొంటున్నారు కూడా. విడిడబ్బా ఇంకా పోలేదు. మన సంఘంవారు ఈ వేసవిలో మరికొన్ని దుకాణాలవారితో మాట్లాడితే మంచిది. దానికి చందా కూడా అక్కరలేదు.

పాకెట్లమీద ఒక మాట. లీటరు నూనె బరువు కిలో వుండదు, సుమారు 910 గ్రాములు. నీళ్ళకన్నా తేలిక, అందుకే పైన తేలుతుంది. కిలో ధరతో లీటరు ధర పోల్చి మోసపోవద్దు, బరువు అంకె చదవండి.

సైన్సు సంగతికి వస్తాను. నూనెలన్నీ ఊళ్ళో సంపాదించి చిన్న సీసాల్లో పోసి, ఒక ఇంటి ఫ్రిజ్‌లో రాత్రంతా వుంచారు. తెల్లవారేసరికి కొబ్బరినూనె రాయి. పామాయిల్ తెల్లగా పేరుకుంది. వేరుశనగ మబ్బుపట్టింది. ఆవనూనె, కుసుమ, పొద్దుతిరుగుడు మామూలుగానే వున్నాయి. ఇదే కల్తీపరీక్ష అని ఇంటింటా మొదలుపెట్టకండి. స్వచ్ఛమైన వేరుశనగ కూడా చలికి మబ్బుపడుతుంది. దీనివల్ల తెలిసేది వేరు. పేరుకునే గుణం సంతృప్త కొవ్వులది. కొబ్బరినూనెలో అవి వందకు తొంభై పాళ్ళు, పామాయిల్‌లో సగం, వేరుశనగలో ఐదోవంతులోపు, కుసుమలో పదోవంతు. ఉర్దూ పుస్తకంలో దీన్ని సేర్‌షుదా అంటారు, అంటే కడుపునిండినది. తెలుగు పుస్తకంలో సంతృప్త అన్నారు, అర్థం అదే. రెండు భాషలవాళ్ళకూ ఒకే ఆలోచన వచ్చిందని పిల్లలు సంతోషించారు, నాకూ సంతోషమే అయింది.

ఏ నూనె మంచిదయ్యా, ఒక్కమాటలో చెప్పు అని మీరు అడుగుతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చెప్పేది ఒకే నూనెకు కట్టుబడవద్దని, మార్చి మార్చి వాడమని, తక్కువ వాడమని. ఒక పెద్దాయన మా ప్రదర్శనకు వచ్చి, "జైతూన్ నూనె ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు. జైతూన్ పట్ల మనకున్న గౌరవం నాకూ వుంది. ఐతే సలాడుకు వాడే ఆ ఖరీదైన నూనెను మిర్చీబజ్జీలకు పోసే స్తోమత మనలో ఎందరికుంది? ఇంటి పక్కన పండే నువ్వులు, చెనిక్కాయలు తక్కువవేమీ కావు. నువ్వులనూనెకు సహజంగానే త్వరగా ముక్కిపోని గుణం వుంది, అమ్మలు ఊరగాయకు దాన్ని పోసేది ఊరికే కాదు.

బఘారే బైంగన్ వంటకం పద్ధతి అసన్‌సోల్‌కు రాసి పంపింది మా తరగతి పిల్ల ఒకతి. అందులో పల్లీలు, నువ్వులు, ఖోప్రా మూడూ వేయించి నూరతారు కదా. కింద ఆ పిల్లే రాసింది: "ఇందులో నూనె ఎక్కువ పోయనక్కరలేదు, మూడు ఊళ్ళ నూనె మసాలాలోనే వుంది, ఉడికేకొద్దీ పైకి తేలుతుంది." నిజమే కదా! ఇరవై ఏళ్ళుగా తింటున్నాను, నాకు తట్టలేదు.

మన దావతుల మాట కూడా చెప్పి తీరాలి, బావర్చీలు ఎవరైనా వుంటే కోపగించుకోవద్దు. చీటీలో డాల్డా అని రాయడం అలవాటు. 1937లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన డబ్బా పేరు అది, నెయ్యి కొనలేనివాడికి నెయ్యిరూపంలో దొరికింది. నూనెను గట్టిపరిచే ఆ పద్ధతిలో ట్రాన్స్ కొవ్వులు పుట్టేవి, అవి గుండెకు కీడు. 2022 జనవరి నుంచి వాటిని వందకు రెండు పాళ్ళకు మించనివ్వరాదని నియమం వచ్చింది, అది మేలే. వేయించిన నూనెనే మళ్ళీమళ్ళీ కాచడం రెండో సంగతి. 2018 జూలై నుంచి దానికీ ఒక హద్దు పెట్టారు. చెడిన పదార్థాలు నూటికి ఇరవైఐదు దాటితే ఆ నూనె వాడకూడదు. రంజాన్ సాయంత్రాల్లో బజారులో సమోసాలు వేగే మూకుడు రంగు చూశారా? కొలిచే యంత్రం మన దగ్గర లేదు, కళ్ళున్నాయి. నల్లబడి, నురగకట్టి, ముట్టుకుంటే జిగురుగా వున్న నూనె చాలు ఇక. మన సంఘం ఇఫ్తార్ వంటల్లో మిగిలిన నూనె మరునాటికి దాచవద్దని వంటకమిటీవారిని కోరుతున్నాను. ఖర్చు పెరుగుతుంది, ఒక రకం పిండివంట తగ్గించండి.

ఉర్దూ మీడియంలో చదివితే ఏం వస్తుందని నన్ను అడిగే తండ్రులు ఈ హాలులోనే వున్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది, నా బడిలో ఏటేటా తగ్గుతున్న పిల్లల సంఖ్య నాకు కంఠతా వచ్చు. వారికి నేను ఉపన్యాసం ఇవ్వను. ఒక్క సంగతి చూడండి. మా పిల్లకు మలయాళం రాదు, మలప్పురం పిల్లకు తెలుగు రాదు, అసన్‌సోల్ పిల్లకు రెండూ రావు. ముగ్గురూ ఉర్దూలో నూనె ధరల గురించి పోట్లాడుకున్నారు. ఆ ఉత్తరాల్లో ఇంగ్లీషు మాటలూ వున్నాయి, తెలుగు లెక్కలూ వున్నాయి. పాకెట్‌మీద ఇంగ్లీషు చదవడం కూడా ఈ వంకతోనే మావాళ్ళకు వచ్చింది.

వచ్చే ఏడు నువ్వులు, వలిసెలు కలపాలని అనుకుంటున్నాం. వలిసెలకోసం అరకు వైపు బడి ఒకటి వెతుకుతున్నాం, అక్కడి ఉపాధ్యాయులు ఎవరైనా మీకు తెలిసివుంటే చెప్పండి.

పిల్లల నోటుపుస్తకాలు, వచ్చిన ఉత్తరాలు వెనక బల్లమీద పెట్టాం. పక్కనే మూతల్లో గింజలు, ఐదు చిన్న సీసాల్లో నూనెలు వున్నాయి, వాటిమీద పేర్లు రాయలేదు. నానీలూ దాదీలూ భోజనానికి పోయేముందు ఒకసారి వాసన చూసి ఏది ఏదో చెప్పాలని పిల్లలు కోరుతున్నారు, కాగితం, పెన్సిలు పట్టుకొని అక్కడే నిలబడ్డారు.